విప్పడానికే కట్టిన కేకు

డాలస్ చుట్టుపక్కల తెలుగువారి ఇంట సీమంతమంటే గాజులు, చలిమిడి, పసుపుకుంకుమల పక్కన ఒక్కోసారి మూడంతస్తుల తెల్లని కేకు కూడా కనిపిస్తుంది. అది తినేది కాదు. పసిబిడ్డ డైపర్లను చుట్టలు చుట్టి, గుండ్రంగా పేర్చి, పట్టీ కట్టి చేసిన కానుక. అమెరికన్లు బేబీ షవర్‌లో ఇచ్చుకునే ఈ డైపర్ కేకు అక్కడి స్నేహాలతో పాటే మనవాళ్ల ఇళ్లలోకి వచ్చింది. డబ్బిస్తే తయారైనదే దొరుకుతుంది. దాని పనితనం తెలియాలంటే మాత్రం ఇంట్లో ఓపికగా చేసినదాన్ని దగ్గరగా చూడాలి. నేను చూసినది అక్కడే స్థిరపడిన మా మేనత్త చేసిన కేకు.

ఈ పనిలో రెండు షరతులు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. కేకు గట్టిగా నిలబడాలి, కారులో పెట్టి తీసుకెళ్తే ఒరగకూడదు. బిడ్డ పుట్టాక, అర్ధరాత్రి నిద్రమత్తులో ఉన్న తల్లి ఒంటిచేత్తో లాగినా ఒక్కో డైపరూ నలగకుండా, చిరగకుండా, మరక లేకుండా ఊడిరావాలి. గట్టితనం కోసం జిగురు వాడినా, గుండుసూది గుచ్చినా రెండో షరతు పోతుంది. అందుకే అత్తయ్య పనిలో జిగురు లేదు, సూది లేదు. ఉన్నదంతా చుట్టడం, పేర్చడం, కట్టడం.

మొదట సైజు సంగతి. ప్యాకెట్టు విప్పి కేకు చేశాక డైపర్లను దుకాణంలో మార్చుకోవడం కుదరదు. అప్పుడే పుట్టినవాళ్ల డైపర్లు 10 పౌండ్ల లోపు బిడ్డలకు. పిల్లలు ఆ బరువును తొందరగానే దాటేస్తారు. పాంపర్స్‌లో గానీ హగ్గీస్‌లో గానీ సైజు 1 అంటే 8 నుంచి 14 పౌండ్ల వరకు, అంటే ఇంచుమించు మూడున్నర నుంచి ఆరున్నర కిలోలు. అత్తయ్య ఎప్పుడూ సైజు 1 తీసుకుంటుంది. బిడ్డ చిన్నగా పుట్టినా కొద్ది వారాల్లో ఆ సైజుకు వస్తుంది, కేకులో ఒక్కటీ వృథా పోదు. చేతులు కడుక్కుని, పూర్తిగా ఆరాకే ప్యాకెట్టు విప్పుతుంది. డైపరులోని పొడికి తడి తగిలితే చాలు, పీల్చేసుకుంటుంది.

ఆ పొడి లేకపోతే ఇంత పొందికైన కేకు కుదిరేది కాదేమో. 1946లో మేరియన్ డోనవన్ అనే అమెరికన్ గృహిణి స్నానాలగదిలోని షవర్ కర్టెన్ కోసి, గుడ్డ డైపరు మీద తొడిగే తడవని తొడుగు కుట్టింది. 1949లో అది న్యూయార్క్‌లోని శాక్స్ ఫిఫ్త్ అవెన్యూ దుకాణంలో అమ్మకానికి వచ్చింది, 1951లో ఆమెకు పేటెంటు దక్కింది. వాడి పారేసే పాంపర్స్ 1961లో వచ్చాయి. అప్పటి డైపర్లలో కలప గుజ్జు దట్టంగా ఉండేది. 1980లలో తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టుకునే పాలిమర్ పొడి చేరాక డైపరు పలచబడింది. పలచబడింది కాబట్టే సన్నగా, బిగువుగా చుట్టడానికి లొంగుతోంది.

చుట్టడంలో అత్తయ్య పద్ధతి చూడాల్సిందే. డైపరు రెండుగా మడిచి వస్తుంది. ఒక కొసన మడత, రెండో కొసన తెరిచి ఉన్న నడుము అంచులు. ఆమె తెరిచి ఉన్న కొస నుంచి మొదలుపెట్టి మడత వైపుకు చుడుతుంది. దాంతో అంచులూ అంటించే పట్టీలూ లోపలికి పోయి, నున్నటి మడత ఒక్కటే బయటికి కనిపిస్తుంది. కాళ్ల దగ్గరి కుచ్చులను రెండు బొటనవేళ్లతో సమంగా అదుముతుంది. ఒక పక్క వదులైతే చుట్ట వాలుతుంది. చుట్టలన్నీ ఒకే లావు రావాలి, ఎందుకంటే తరువాతి లెక్కంతా ఆ లావు మీదే ఆధారపడింది.

ఒకే లావున్న గుండ్రని వస్తువులను బల్ల మీద నిలబెడితే, ఒకదాని చుట్టూ సరిగ్గా ఆరు పడతాయి. వాటి చుట్టూ 12, ఆ పైన 18. కేకు నడుమ వెన్నెముకగా కిచెన్ టవల్ చుట్టివచ్చే అట్టగొట్టం నిలుస్తుంది. దాని లావు ఇంచుమించు ఒక చుట్టంత. అడుగు అంతస్తుకు మూడు వలయాలు, అంటే 36 డైపర్లు. నడి అంతస్తుకు రెండు వలయాలు, 18. పైదానికి ఒక వలయం, ఆరు. మొత్తం 60. పుట్టిన తొలి వారాల్లో బిడ్డకు రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు దాకా మార్చాల్సి వస్తుంది కనుక ఇవి ఐదు నుంచి ఏడు రోజులకు సరిపోతాయి.

అయితే ఈ లెక్క ప్రకారం పేరిస్తే వచ్చేది ఆరు మూలల ఆకారం, గుండ్రని కేకు కాదు. అసలు నేర్పు ఇక్కడే బయటపడుతుంది. అత్తయ్య వలయం తరువాత వలయం విడిగా రబ్బరు బ్యాండుతో బిగిస్తూ వస్తుంది. బయటి వరుసలో మూలల దగ్గరి చుట్టలను కాస్త లోపలికి నొక్కి, పక్కవాటిని సందుల్లోకి జరుపుతుంది. చుట్టలు మెత్తనివి కాబట్టి లొంగి, మూలలు కరిగి, అంచు గుండ్రబడుతుంది. ఒకేసారి అన్నింటినీ పోగుచేసి పెద్ద బ్యాండు వేస్తే ఈ సవరింపుకు చోటుండదు, నడుమవి పైకి ఉబుకుతాయి.

పేర్చేటప్పుడు చుట్ట విడిపోకుండా ఒక్కోదానికి బట్టలారేసే క్లిప్పు పెడుతుంది. వలయం బిగిశాక క్లిప్పులు పైకి లాగేస్తుంది. చాలామంది ప్రతి చుట్టకూ ఓ చిన్న రబ్బరు బ్యాండు వేసి లోపలే వదిలేస్తారు. పసిపిల్లలున్న ఇంట్లో అరవై రబ్బరు బ్యాండ్లు ప్రమాదం. ఈ కేకులో ఉన్నవి ఆరే, వలయానికొకటి. కేకుతో పాటు ఇచ్చే చిన్న చీటీలో ఆ సంఖ్య రాసి ఉంటుంది, విప్పేవాళ్లు లెక్కపెట్టుకుని పారేయడానికి. ఆ బ్యాండ్ల బిగువు మల్లెలు కట్టే చేతి బిగువే: పువ్వు రాలకూడదు, కాడ తెగకూడదు.

బ్యాండును కప్పే పట్టీ పాత మంగళగిరి చీర అంచు. ఉతికి, ఇస్త్రీ చేసి, జరీ బయటి వైపుకు పెట్టి వెనక జారుముడి వేస్తుంది. ఒక కొస లాగితే పట్టీ ఊడివస్తుంది, ఆపైన బ్యాండ్లు తీస్తే అంతస్తు మొత్తం విడివడుతుంది. పూలు కావలసిన చోట బిడ్డ సాక్సులను చుట్టి చేసిన మొగ్గలు ఉంటాయి. అసలు పూలు పెట్టదు, వాటి తేమా పుప్పొడీ డైపర్లకు పట్టకూడదని. పైన అట్టగొట్టం కనబడకుండా మెత్తని పొత్తిగుడ్డ చుట్ట పెట్టి, దాని మీద గిలక్కాయ ఉంచుతుంది. అలంకారంలో ప్రతిదీ బిడ్డకు పనికొచ్చేదే.

బిడ్డ పుట్టకముందే వస్తువులు కొనకూడదని మన ఇళ్లలో చాలామంది పెద్దలకు పట్టింపు. ఆ పట్టింపును అత్తయ్య కొట్టిపారేయదు. పారదర్శకమైన కాగితంలో చుట్టిన కేకును ప్రసవమయ్యేదాకా విప్పవద్దని చెబుతుంది. ఈ మధ్య ఇచ్చినచోట కాబోయే అమ్మమ్మగారు అందుకు సంతోషంగా ఒప్పుకున్నారు.

చేతిపని అంటే ఏళ్ల తరబడి నిలిచేదే అనుకుంటాం. ఈ కేకు ఆయుష్షు కొద్ది వారాలు, దాని విజయం విడిపోవడంలో ఉంది. అరవయ్యో డైపరు మొదటిదానంత శుభ్రంగా బిడ్డ ఒంటికి చేరితే పని నెగ్గినట్టు. ఇలాంటి కేకు మీ కంటపడితే ముందు వైపు అలంకారం చూశాక వెనక్కి తిప్పి ముడి చూడండి. చేసినవాళ్లు ఆ తల్లి గురించి ఎంత దూరం ఆలోచించారో అక్కడ తెలుస్తుంది.