అట్ట చింపకండి

మన ఇళ్లలో పాత పత్రికలను దాచుకున్నవాళ్లు తక్కువేం కాదు. కానీ వాళ్లు దాచిన పద్ధతిలోనే ముఖచిత్రం పోయింది. వారం వారం సీరియల్ పేజీలు చింపి పెట్టుకుని, నవల పూర్తయ్యాక బైండు చేయించేవారు. మిగతాదంతా తూకానికి వెళ్లేది. నెలపత్రికలను ఏడాదికో సంపుటిగా కుట్టించినా, అంచులు కత్తిరించేటప్పుడు అట్టలు తీసేసిన బైండర్లు చాలామంది. ఇప్పుడు హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్‌ల మీద వెతికితే సీరియల్ బైండ్లు కనిపిస్తాయి, అట్ట ఉన్న సంచిక మాత్రం ఎప్పుడో గానీ దొరకదు.

నేను వెతికేది ఆ అట్టల కోసమే, ముఖ్యంగా వపా బొమ్మల కోసం. 1921లో పుట్టి 1992లో వెళ్లిపోయిన వడ్డాది పాపయ్య 'చందమామ'కు, 'యువ'కు వేసిన ముఖచిత్రాలు ఎన్నో ఇళ్లలో గోడలెక్కాయి. 1947 జూలైలో మొదలైన చందమామకు ఆయనకంటే ముందు ఎం.టి.వి. ఆచార్య వేసిన మహాభారత ఘట్టాలున్నాయి. లోపలి పేజీల్లో చిత్రా, శంకర్ గీసిన రాజులూ రాక్షసులూ సరేసరి. మ్యూజియం గడప తొక్కని కుటుంబాలు కూడా మంచి చిత్రకళను నెలనెలా చేతుల్లోకి తీసుకుని చూశాయి. ఇది చిన్న విషయం కాదు.

సంచిక చేతికొస్తే ముందు దాని పిన్ను చూస్తాను. తుప్పు పట్టి ఉంటే చుట్టూ కాగితం గోధుమరంగుకు తిరిగి, వేలు తగిలితే పొడిగా రాలుతుంది. తర్వాత భూతద్దం. బుగ్గ మీది గులాబీ రంగు విడివిడి చుక్కలైపోతుంది, వాటిలో ఎరుపూ పసుపూ వేరువేరుగా తెలుస్తాయి. ఒక రంగు వెంట్రుకవాసి పక్కకు జరిగితే పెదవి గీత దాటి ఎరుపు బయటికొస్తుంది. అట్ట మూల ఏజెంటు పెన్సిల్‌తో రాసిన ఇంటి నంబరుంటే నాకు మరీ ఇష్టం. ఆ సంచిక ఒక గుమ్మంలోకి వెళ్లిందనడానికి అదే సాక్ష్యం. దాన్ని రబ్బరుతో చెరపను.

స్కాన్ ప్రతులున్నాయి కదా అంటారు. ఉన్నాయి, మేలే చేశాయి. అయితే బైండు పుస్తకం నుంచి స్కాన్ చేస్తే అందులోనూ అట్ట ఉండదు.

మీ అటక మీద పాత కట్టలుంటే తూకానికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడండి. చిరుగులకు సెల్లోటేపు అంటించకండి, దాని జిగురు మరక ఇక పోదు. లామినేషన్ అసలే వద్దు. బొమ్మ కోసం అట్టను కత్తిరించి ఫ్రేము కట్టించకండి, సంచికను సంచికగానే ఉంచండి. మీకు అక్కర్లేకపోతే ఊళ్లోని గ్రంథాలయానికి, లేదా దాచుకునేవాళ్లకు ఇవ్వండి.