మనసు కుంగిన వేళ నిర్ణయం మార్చవద్దు

ఉద్యోగం వదలాలా? ఈ సంబంధం ఖాయం చేసుకోవాలా? ముసలి తల్లిదండ్రులను విడిచి విదేశం వెళ్లాలా? ఇలాంటి చిక్కు వచ్చినప్పుడు విశ్వాసుల ఇళ్లలో మొదట వినిపించే మాట, "ప్రార్థనలో పెట్టండి" అని. మంచి మాటే. పెట్టాక ఏం చేయాలి? చీటీలు వేయాలా, బైబిలు తెరిచి కంటపడ్డ వచనాన్ని పట్టుకోవాలా? దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా వివరంగా జవాబు చెప్పినవారు పునీత ఇగ్నేషియస్ లొయోలా. విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాల ఆయన పేరు మీద వెలిసిందే.

ఆయన స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు యోధుడు. 1521లో పాంప్లోనా కోట పోరులో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. మంచం పట్టిన ఆ నెలల్లో చదవడానికి దొరికినవి క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలే. కాసేపు ఒక గొప్పింటి స్త్రీని మెప్పించే సాహసాలు ఊహించుకునేవారు, కాసేపు పునీతుల్లా బతకాలని. ఊహిస్తున్నంతసేపూ రెండూ హాయిగానే ఉండేవి. తేడా ఆ తర్వాత తెలిసేది. మొదటిది ముగిశాక మనసు వెలితి పడేది, రెండోదాని సంతోషం మాత్రం నిలిచి ఉండేది. ఆయన పద్ధతికంతటికీ పునాది ఈ గమనింపే.

1548లో పోపు మూడో పౌలు ఆమోదించిన 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథంలో ఆయన దీన్నే నియమాలుగా పెట్టారు. ముందుగా మనసు ఏ పక్కకూ మొగ్గని తక్కెడ ముల్లులా నిలవాలి. అది కుదరకుండా చేసే ప్రార్థన, మనం ముందే తేల్చుకున్నదానికి దేవుడి సంతకం అడగడమే అవుతుంది. ఆ తర్వాత లాభనష్టాలు తూచాలి. ముక్కూ మొహం తెలియని మనిషి ఇదే చిక్కుతో వస్తే ఏం చెబుతాం? చనిపోయే గడియలో వెనక్కి చూసుకుంటే ఏ నిర్ణయం తీసుకుని ఉండాల్సింది అనుకుంటాం? నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే నియమం వేరే ఉంది. మనసు కుంగి, ప్రార్థన రుచించని రోజుల్లో, నెమ్మదిగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని మార్చకూడదు. ఒక్క రాత్రి దిగులుకు ఏళ్ల నిశ్చయాన్ని వదులుకునేవాళ్లను చూస్తే ఈ మాట ఎంత అవసరమో తెలుస్తుంది.

నలుగురూ కలిసి తేల్చుకోవాల్సిన విషయంలోనూ ఆయన ఇలాంటి దారే పట్టారు. 1539లో రోములో ఆయనకూ, ఆయనతో కలిసి దైవసేవకు పూనుకున్న సహచరులకూ ఒక ప్రశ్న ఎదురైంది: తమలో ఒకరికి విధేయులమని మాట ఇవ్వాలా? రోజుల తరబడి తేలలేదు. అప్పుడు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఎవరికి వారే ప్రార్థించాలి, ఒకరినొకరు ఒప్పించే ప్రయత్నం చేయకూడదు. ప్రతివాడూ తాను ఈ గుంపులో లేని బయటివాడిననుకుని ఆలోచించాలి. ఒకరోజు అందరూ, అనుకూలంగా ఉన్నవాళ్లతో సహా, వద్దనడానికి కారణాలే చెప్పాలి. మర్నాడు అందరూ కావాలనడానికి కారణాలే చెప్పాలి. చివరికి ఒక్కరు కూడా కాదనకుండా విధేయతకు ఒప్పుకున్నారు. 1540లో యేసు సభ పేరుతో వాళ్ల సంఘానికి పోపు ఆమోదం వచ్చింది.

మీ ఇంట్లో తేలని విషయం ఉంటే ఈ పద్ధతి ఒకసారి పాటించి చూడండి. ముందు అందరూ కలిసి ప్రార్థించండి. ఒకరోజు వద్దనే కారణాలు, మర్నాడు కావాలనే కారణాలు. ఎదిగిన పిల్లలనూ కూర్చోబెట్టండి, వాళ్ల మాట కూడా పూర్తిగా వినండి.