చక్రాల్లేని విల్లు

2025 ఆగస్టులో కెనడాలోని విన్నిపెగ్‌లో ప్రపంచ యువ విలువిద్య పోటీలు జరిగాయి. అండర్‌-21 మహిళల కాంపౌండ్ విభాగంలో స్వర్ణం మన పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత గెలిచింది. ఇక్కడ నస్పూర్‌లో ఉండే మనకు ఆ జిల్లా గోదావరి అవతలి ఒడ్డే. అంతకు రెండేళ్ల ముందు హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్‌లోనే మూడు స్వర్ణాలు తెచ్చింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీ మొదటిసారిగా చేరుతోంది. మన పిల్లల చూపంతా ఇక ఆ చక్రాల విల్లు మీదే ఉంటుంది. ఉండాలి కూడా.

నేను రాయదలచుకున్నది ఇంకో విల్లు గురించి. గోదావరి పొడవునా అడవుల్లో ఆదివాసుల చేతుల్లో తరతరాలుగా ఉన్న వెదురు విల్లు గురించి. ఒక బద్ద, ఒక నారి, అంతే. మన క్రీడా వ్యవస్థలో దాని చోటు మొదటి మెట్టు. ‘ఇండియన్ రౌండ్’ పేరుతో పిల్లలు వెదురు విల్లుతో 30, 50 మీటర్ల దూరాల నుంచి బాణాలు వేస్తారు. చేయి తిరిగినవాళ్లు కొసలు బయటికి వంగిన రికర్వ్ విల్లుకో కాంపౌండ్‌కో వెళ్లిపోతారు. రాజస్థాన్ ఆదివాసీ కుర్రాడు లింబారామ్ అలాగే వెదురు విల్లుతో మొదలై 1988, 1992, 1996 ఒలింపిక్స్ దాకా వెళ్లాడు. వెళ్లినవాళ్లు మళ్లీ వెదురు పట్టరు. పట్టాలంటాను. కాంపౌండ్‌లో ఆరితేరినవాళ్లే ముఖ్యంగా పట్టాలంటాను.

కాంపౌండ్ విల్లును తయారుచేసినవాడు అమెరికాలోని మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్. 1966లో దరఖాస్తు పెడితే 1969లో పేటెంటు వచ్చింది. దాని కీలకమంతా కొసల్లో ఉండే క్యామ్‌లనే చక్రాల్లో ఉంది. నారి లాగడం మొదలుపెట్టాక బరువు మొత్తం చేతి మీద పడుతుంది. చివరికి వచ్చేసరికి చక్రం తిరిగి, అందులో ముప్పాతిక వంతు దాకా తానే మోస్తుంది. 60 పౌండ్ల విల్లును నిండుగా లాగి పట్టుకున్నవాళ్ల చేతి మీద మిగిలేది 15 పౌండ్లే. తీరిగ్గా ఊపిరి సర్దుకోవచ్చు. నారికి అమర్చిన చిన్న రంధ్రంలోంచి చూస్తూ భూతద్దంలో చుక్కను నిలబెట్టి, చేతిలోని మీట నొక్కి నారిని వదలొచ్చు. ఆరుబయట జరిగే టార్గెట్ పోటీల్లో దూరం 50 మీటర్లే. పది పాయింట్ల వలయం అడ్డుకొలత 8 సెంటీమీటర్లు. అందులో బాణం తరవాత బాణం పడుతుందంటే ఆ సాధన సామాన్యమైంది కాదు.

వెదురు విల్లులో ఈ సాయాలేవీ ఉండవు. లాగేకొద్దీ బరువు పెరుగుతుంది. నిండుగా లాగినచోట అన్నిటికన్నా ఎక్కువ. అక్కడ ఆగి ఆలోచించడం కుదరదు, రెండు మూడు సెకన్లు దాటితే భుజం వణుకుతుంది. గురి కుదరడం, నారి వదలడం ఒకే ఊపులో జరగాలి. రెండు కళ్లూ తెరిచే ఉంటాయి. బాణం మొన మీద కాదు, తగలాల్సిన చోట చూపు నిలపాలి. చెట్టు మీది మామిడికాయకు రాయి విసిరే పిల్లవాడు దూరం కొలవడు. వాడి చెయ్యే ఆ లెక్క కడుతుంది. వెదురు విల్లు గురి కూడా ఆ చేతి లెక్కే.

ఆ లెక్క ఎంత సున్నితమైనదో అంకెల్లో చూడొచ్చు. మంచి వెదురు విల్లు నుంచి బాణం సెకనుకు 50 మీటర్ల వేగంతో బయల్దేరిందనుకుందాం. 20 మీటర్లు పోవడానికి 0.4 సెకన్లు. ఆలోపు అది 78 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. దూరం 25 మీటర్లయితే అర సెకను, 1.22 మీటర్లు. అంటే దూరం అయిదు మీటర్లు పెరిగేసరికి బాణం దాదాపు మూరెడు ఎక్కువ దిగుతుంది. సెకనుకు 90 మీటర్లు పోయే కాంపౌండ్ బాణానికి అదే అయిదు మీటర్లకు వచ్చే తేడా 14 సెంటీమీటర్లు, జానెడు కూడా కాదు. ఇంకొకటి కూడా ఉంది. నారి మోత 20 మీటర్లు చేరడానికి 0.06 సెకన్లు చాలు. బాణం రాకముందే జంతువుకు సెకనులో మూడో వంతు హెచ్చరిక అందుతుంది. దుప్పికి ఆ మాత్రం చాలు, కాళ్లు వంచి పక్కకు దూకేస్తుంది.

అందుకే వెదురు విల్లు వేటగాడి విద్యలో ఎక్కువ భాగం బాణం సంధించక ముందే జరిగిపోయేది. గాలి ఎటు వీస్తోంది, ఎండుటాకులు ఎక్కడ పరుచుకుని ఉన్నాయి, జంతువు ఏ దారిన నీళ్లకు దిగుతుంది, ఇవన్నీ తెలియాలి. బాగా దగ్గరికి చేరలేకపోతే వెనక్కి రావాలి. విల్లే హద్దు పెట్టేది. నల్లమల చెంచుల మధ్య ఉండి 1943లో పుస్తకం రాసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చెప్పిన మాట ఒకటుంది. విలుకాళ్లుగా పేరున్న ఆ జనానికి కూడా కడుపు నింపేవి ముఖ్యంగా దుంపలు, పండ్లు, ఆకులేనని. విల్లు ఉన్నంత మాత్రాన మాంసం ఉన్నట్టు కాదు.

వెదురు విల్లును గొప్ప చేయడానికి అబద్ధాలు అక్కర్లేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్‌ఠాణా మీద పడిన అల్లూరి సీతారామరాజు దళం మొదట వెతికింది తుపాకుల కోసమే. యుద్ధానికి విల్లు చాలదని అడవిలో పుట్టిపెరిగినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వేట మాటకొస్తే, అది ముగిసిపోయింది. ముగిసిపోవడమే మంచిది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధించింది. మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువును చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. మన పక్కనున్న కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యమైంది. అమెరికాలో లైసెన్సుతో జింకల వేట ఆడే కొందరు కాంపౌండ్‌ను పక్కనపెట్టి పాత విల్లు పడుతున్నారు, దూరం నుంచి కొట్టడంలో వేట లేదని. వాళ్లకు ఆ విద్య నేర్పిన మొదటివాళ్లలో ఒకడు ఇషి, కాలిఫోర్నియా యాహి తెగలో చివరిగా మిగిలిన మనిషి. 1911లో అడవి వదిలి వచ్చాడు, 1916లో చనిపోయాడు. ఆ మధ్య కాలంలో సాక్స్‌టన్ పోప్ అనే డాక్టరు ఆయన దగ్గర విల్లు చెయ్యడం, వెయ్యడం నేర్చుకుని పుస్తకం రాశాడు. మనకు ఆ వేట దారి లేదు, వద్దు. ఇక్కడ దొంగతనంగా జరిగే వేటకు విల్లుతో సంబంధమే లేదు. కరెంటు తీగలు పరుస్తున్నారు, ఉచ్చులు బిగిస్తున్నారు. తీగకు కళ్లుండవు. పంది వచ్చినా పులి వచ్చినా పొలానికి పోయే మనిషి వచ్చినా ఒకటే. ఎదురుగా ఉన్నదేమిటో చూడకుండా బాణం వదలకూడదన్న విద్య ఉన్న అడవిలో ఈ పని జరగడం నన్ను బాధపెడుతుంది.

విల్లు చెయ్యడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. వెదురు అంతా ఒకటి కాదు. లోపల బోలు తక్కువగా, గోడ మందంగా ఉండే కంక కావాలి, సాధనపు వెదురంటారు. ఆ ఏడు మొలిచిన లేత బొంగు పనికిరాదు, మూడేళ్లన్నా ముదరాలి. వానలు పోయి చలికాలం వచ్చాక కోస్తారు. అప్పుడు బొంగులో పిండిపదార్థం తక్కువగా ఉంటుంది, పురుగు పట్టదు. కోసింది నీడన ఆరాలి. పొయ్యి మీద అటకన పొగ తగిలేలా పెడితే ఇంకా మంచిది.

వెదురు బలం పైచర్మంలో ఉంది. దాని కిందే గట్టి నారలు దగ్గరదగ్గరగా పేరుకుని ఉంటాయి. విల్లు వంగినప్పుడు బయటివైపు సాగుతుంది, లోపలివైపు నలుగుతుంది. అందుకే ఆ చర్మాన్ని బయటివైపు, కత్తి తగలకుండా ఉంచి, చెక్కడమంతా లోపలివైపు చేస్తారు. కణుపును తెగనరికితే అక్కడే విరుగుతుంది. నడుమ మందంగా, కొసలకు పోనుపోను పలచగా తీస్తారు. తరవాత అసలు పని. కొద్దిగా వంచి చూడాలి, ఏ వైపు మొండిగా ఉందో అక్కడ రెండు గీరలు తియ్యాలి, మళ్లీ వంచాలి. పాతకాలం బొగ్గుబాయిలో అనుభవమున్న కార్మికుడు పైకప్పును గడ్డపారతో తట్టి, ఆ చప్పుడును బట్టే బండ గట్టిగా ఉందా ఊడి ఉందా చెప్పేవాడు. విల్లు చెక్కేవాళ్ల చెవి కూడా అలాంటిదే, బద్దలోంచి చిన్న చిటపట వినిపించిందంటే చెయ్యి ఆగిపోతుంది. ఒకసారి ఎక్కువ తీసింది మళ్లీ అతకదు.

నారికి నారతాడు పేనుతారు. మధ్యభారతంలో చాలాచోట్ల వెదురు పేలికనే నారిగా కడతారు. అది వానకు సాగదు. పని అయిపోగానే నారి దించాలి, లేకపోతే బద్ద ఆ వంపుకే అలవాటు పడి సత్తువ పోతుంది. బాణం పెట్టకుండా ఉత్త నారి లాగి ఎప్పుడూ వదలకూడదు. బాణం మోసుకుపోవాల్సిన శక్తంతా బద్దలోకే తిరిగి వచ్చి విరుస్తుంది.

బాణం విల్లుకంటే కష్టం. సన్నటి పుల్లను నిప్పు సెగ మీద కాచి, చూపుకు పెట్టి చూస్తూ నిటారు చేస్తారు. విల్లు మధ్యన బాణానికి తొర్ర లేదు కాబట్టి అది బద్ద పక్కనుంచే పోవాలి. వదిలిన క్షణాన బాణం పాములా అటూ ఇటూ వంగి, బద్దను చుట్టుకుని, ఆ తరవాతే తిన్నగా సాగుతుంది. పుల్ల మరీ బిరుసైనా, మరీ మెత్తనైనా గురి పక్కకు పోతుంది. ఏ విల్లుకు ఏ బాణమో ఆ విల్లుతో వేసి చూస్తేనే తెలిసేది. తోక దగ్గర ఈకలు దాన్ని సర్దుతాయి. పిట్టలకు మొద్దుతల బాణాలు, పెద్ద జంతువులకు కమ్మరి కొట్టిచ్చిన ఇనుప ములుకులు ఉండేవి. ఇప్పుడు గడ్డిమోపుకు గురిపెట్టేవాళ్లకు ఉత్త మొన చాలు.

నిలబడే తీరు గురించి శాస్త్రాల్లోనూ ఉంది. అగ్నిపురాణంలోని ధనుర్వేద భాగం ఆలీఢం, ప్రత్యాలీఢం, సమపాదం వంటి స్థానాలు చెబుతుంది. అడవిలో ఇవన్నీ కలగలిసిపోతాయి. చెట్టు వెనక నిలబడ్డవాడు కాలు ఎక్కడ ఆనితే అక్కడి నుంచే లాగాలి. పడమటి భారతంలోని భిల్లులు బొటనవేలు తగలకుండా నారి లాగుతారని, అది ఏకలవ్యుడి మీది గౌరవమని చెప్పుకుంటారు.

కాంపౌండ్ నుంచి వచ్చేవాళ్లు తేలికపాటి విల్లుతో మొదలుపెట్టాలి, 25, 30 పౌండ్లు చాలు. దూరం అయిదారు మీటర్లు. పాయింట్ల వలయాలు వద్దు, గడ్డిమోపు మీద ఒక ఆకు గుచ్చితే చాలు. మొదట చెడగొట్టేది ఆగే అలవాటు. నిండుగా లాగి నిలబడటానికి నేర్పిన ఒళ్లు ఇక్కడా ఆగబోతుంది, బాణం కింద పడుతుంది. వీపు కండరాలు పని చెయ్యడం మొదలయ్యాక అది సర్దుకుంటుంది. చుక్క గురిలో పడగానే తెలియకుండానే నారి జారిపోవడం కాంపౌండ్ విలుకాళ్లను పట్టి పీడించే జబ్బు. గురి చుక్కే లేని విల్లు దాన్నుంచి కొంత విడుదల ఇస్తుంది. తిరిగి కాంపౌండ్ పట్టినప్పుడు భుజానికీ చూపుకూ అది ఉపయోగపడుతుందని నా నమ్మకం.

భూటాన్‌ను చూడండి. అక్కడ విలువిద్య జాతీయ క్రీడ. దాదాపు 145 మీటర్ల అవతల చిన్న చెక్కపలకకు కొడతారు. కాంపౌండ్ విల్లు అక్కడికీ వచ్చింది, బాగా పాకింది. అయినా వెదురు విల్లుకు వేరే పోటీలు పెట్టుకుని దాన్నీ నిలుపుకున్నారు. మనం ఎందుకు నిలుపుకోలేం?

వెదురు మన అడవుల్లోనే ఉంది. ఒకప్పుడు ఆదిలాబాద్ అడవుల వెదురు లారీలకు లారీలు కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లుకు పోయి గుజ్జయ్యేది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న అటవీ ఉత్పత్తిగా గుర్తించి, సేకరించే హక్కు అడవి మనుషులకు ఇచ్చింది. వెదురును చీల్చడం, ఆరబెట్టడం కోలాం ఆదివాసులకు తెలుసు, ఊళ్లలో మేదరివాళ్లకు తెలుసు. ఒక కాంపౌండ్ విల్లు సరంజామాతో సహా లక్షల్లో పడుతుంది. బొగ్గుబాయి కార్మికుడి ఇంట్లో అంత డబ్బు ఒక పిల్ల విల్లుకు పెట్టడం ఎంత కష్టమో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఆశ్రమ పాఠశాలల్లో, సింగరేణి కాలనీల మైదానాల్లో చలికాలం వెదురు కోసే రోజుల్లో విల్లు చెక్కగల ఒక ఆదివాసీ పెద్దను గురువుగా పిలిచి, కూలి కాదు, గౌరవవేతనం ఇచ్చి కూర్చోబెట్టాలి. పిల్లలు తమ విల్లు తామే చెక్కుకోవాలి. కొన్ని విరుగుతాయి. విరిగినదాన్ని ఆయన చేతికిచ్చి, ఏ కణుపు దగ్గర కత్తి లోతుగా దిగిందో చూపించమని అడగాలి.