ఏదైనా మంచి పుస్తకం ఉంటే చెప్పండి

గ్రంథాలయంలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. "భారతం ఏ బీరువాలో ఉందండీ?" అంటే వేలు చూపించొచ్చు. "నిన్నటి పేపరేదండీ?" అంటే బల్ల మీంచి తీసి ఇవ్వొచ్చు. "ఏదైనా మంచి పుస్తకం ఉంటే చెప్పండి" అన్నవాళ్లకి మాత్రం చటుక్కున జవాబు చెప్పకూడదు. ఎవరికి మంచిది, ఏ పూట చదవడానికి మంచిది, ఎంత ఓపికున్నవాళ్లకి మంచిది? ఇవేవీ తేల్చుకోకుండా చేతిలో పెట్టిన పుస్తకం మూడోనాటికల్లా అట్ట నలగకుండా తిరిగొస్తుంది. తెచ్చినవారు మర్యాదకి "బాగుందండీ" అంటారు. ఆ మాట పలికే తీరులోనే తెలిసిపోతుంది, నాలుగో పేజీ దాటలేదని.

సాయంత్రాలు మా రావులపాలెం గ్రంథాలయంలో కూర్చోవడం నాకు చాలాకాలంగా అలవాటు. లైబ్రేరియన్ గారు రిజిస్టర్లలో తలమునకలై ఉన్నప్పుడు ఈ ప్రశ్న మెల్లగా నావైపు తిరుగుతుంది. చెప్పగా చెప్పగా ఇదొక పనితనమని అర్థమైంది. ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి దీన్ని బోధపరచడం తేలిక, ఎందుకంటే మా అరటి మార్కెట్లో రోజూ జరిగేది అదే. గెల తీసుకోవడానికి వచ్చినవాడిని వ్యాపారి ముందు అడిగేది "ఎక్కడికి?" అని. ఒడిశాకో బీహారుకో లారీలో పోవాలంటే పచ్చిగెల కావాలి. ఎల్లుండి పెళ్లిలో ఆకులో వడ్డించాలంటే రంగు తిరిగిన చక్రకేళి కావాలి. ఎంత మేలురకం గెలయినా అది చేరాల్సిన చోటు తెలియకుండా కట్టిస్తే నష్టమే. పుస్తకం సంగతీ అంతే.

మార్కెట్లో కమీషన్ కొట్టు లెక్కలు రాసే కుర్రాడొకడు పేపరు చదవడానికి వస్తుంటాడు. ఒకరోజు బీరువా ముందు నిలబడి, "మేస్టారూ, నాకు కతలు ఎక్కవండి. జరిగిందే కావాలండి" అన్నాడు. పుస్తకాల గురించి కాకుండా, "ఈమధ్య ఎవరైనా చెబుతుంటే కదలకుండా కూర్చుని విన్నదేమిటి?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, 96 తుఫాను గురించి వాళ్ల తాతయ్య చెప్పిన కబుర్లన్నాడు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరితోటలు ఎలా కూలాయో ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఒకరైనా చెబుతారు. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' ఉన్న సంపుటి తీసి ఇచ్చాను. అది కథేనని చెప్పలేదు. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పెట్టిన ప్రపంచ కథల పోటీలో 1952లో దానికి రెండో బహుమతి వచ్చిందనీ చెప్పలేదు. బహుమతి మాట వినగానే కొందరికి పాఠ్యపుస్తకం గుర్తొస్తుంది. కుర్రాడు తిరిగొచ్చి, "ఆ ప్లీడరుగారు రైలు దిగిన కాడ్నించీ నాకు గుండెల్లో దడేనండి. ఇది నిజంగా జరిగిందేనాండి?" అన్నాడు. అంతకన్నా సమీక్ష ఏం కావాలి?

అందుకే నేను "ఏ రచయిత ఇష్టం?" అని అడగను. పెద్దగా చదవనివాళ్లు ఆ ప్రశ్నకి ముడుచుకుపోతారు. రెండోసారి చూసిన సినిమా ఏది, ఇంట్లో ఎవరి కబుర్లు బాగుంటాయి, పడుకునే ముందు చదువుతారా, బస్సులోనా? జవాబులు వాళ్లకే తెలియకుండా వచ్చేస్తాయి. పెళ్లిళ్లకి వంట చేసే ఒకావిడ "సగం సగం తీరికలండీ నావి" అంది. ఆవిడకి నవల ఇస్తే హింసే. ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు' ఇచ్చాం. ఎక్కడ తెరిచినా మొదలే, ఎక్కడ మూసినా పరవాలేదు. రమణ గారు మా అవతలి ఒడ్డు ధవళేశ్వరంలో పుట్టినవారే.

అవతలి ఒడ్డు అన్నాను కదా, నేను పాటించే రెండో పద్ధతి అదే. కొత్త పాఠకుణ్ని దగ్గర ఊరి నుంచి మొదలుపెట్టిస్తాను. గోదావరి జిల్లాలవాళ్లకి ఈ విషయంలో ఉన్నంత వెసులుబాటు అందరికీ లేదు. రావులపాలెం నుంచి ఆటో ఎక్కితే కొత్తపేట. అడివి బాపిరాజు 'నారాయణరావు' కథానాయకుడిది ఆ ఊరే. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీలో విశ్వనాథ 'వేయిపడగలు'తో బహుమతి పంచుకున్న నవల అది. పెళ్లి ముచ్చట్ల దగ్గర కథ తీరిగ్గా నడుస్తుందనీ, అక్కడ ఆగిపోవద్దనీ ముందే చెబుతాను. ఇలాంటి హెచ్చరిక సిఫారసులో సగం. పుస్తకం ఎక్కడ బరువెక్కుతుందో దాచిపెట్టి పొగిడితే, ఆ బరువు దగ్గరే వదిలేస్తారు.

గౌతమి దాటి అనపర్తి వైపు వెళితే పొలమూరు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి పుట్టింది అక్కడ. 'వడ్లగింజలు' కథ పెద్దాపురం సంస్థానంలో చదరంగం ఆట చుట్టూ తిరుగుతుంది. లెక్కల మేష్టార్లకి నేను తప్పకుండా చెప్పే కథ. ఎందుకో చదివితే తెలుస్తుంది, సగం రహస్యం పేరులోనే ఉంది. చదువు ముగించి, ఉద్యోగమా సొంత వ్యాపారమా అని ఊగిసలాడే కుర్రాళ్లకి ఆయనదే 'మార్గదర్శి' ఇస్తాను. దిగువకి వెళితే మామిడికుదురు, బోయి భీమన్న ఊరు. ఆయన 'పాలేరు' నాటకంలో పాలేరు కుర్రాడు చదువుకుని అధికారి అవుతాడు. ఊళ్లో బడిపిల్లలు వార్షికోత్సవానికి ఏం వెయ్యాలని అడిగినప్పుడల్లా నా నోట ముందు వచ్చే పేరది. ఇంకా దిగువన రాజోలు, యండమూరి వీరేంద్రనాథ్ పుట్టిన ఊరు. ఆయన్ని మాత్రం నేను సిఫారసు చేయనక్కర్లేదు, ఆ పుస్తకాల అట్టలు ఎలాగూ చిరిగే ఉంటాయి.

దగ్గర ఊరి పుస్తకం పాఠకుడి బెరుకు పోగొడుతుంది. కాలువ, లాకు, రేవు, చేలగట్టు అని రాస్తే నిఘంటువు అవసరం లేదు. మాటలు తన ఇంట్లో వినపడేవే. చదవడం తనకి వచ్చిన పనేనన్న ధీమా వస్తుంది. ఆ తర్వాత వాళ్లే దూరం వెళతారు. 'గాలివాన' చదివిన కుర్రాడు ఇప్పుడు ఉత్తరాంధ్ర కథలు అడుగుతున్నాడు. మా బీరువాలో దొరకని పాత కథల కోసం శ్రీకాకుళం 'కథానిలయం' సంగతి చెప్పాను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెలుగు కథల కోసమే నిలబెట్టిన గ్రంథాలయమది. పాత పత్రికల్లో పడిన కథలెన్నో అక్కడ పోగుపడి ఉన్నాయి, వాటిలో చాలావాటిని ఫోనులోనే చదువుకోవచ్చు. ఇంకా పాతవి, అరుదైనవి, తాళపత్రాల దాకా కావాలంటే గంట ప్రయాణంలో రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఉంది. 1898లో నాళం కృష్ణారావు పెట్టిన వసురాయ గ్రంథాలయం, తర్వాత రత్నకవి గ్రంథాలయంతో కలిసి ఆ పేరు తెచ్చుకుంది. పుస్తకం ఇవ్వలేనప్పుడు అది ఉన్న చోటు చెప్పడం కూడా సిఫారసే.

ఇదంతా చదవగలిగినవాళ్ల సంగతి. కళ్లు మసకబారిన పెద్దవాళ్లు పేపరు దగ్గరికొచ్చి పెద్దక్షరాలు మాత్రం చూసి వెళ్లిపోతుంటారు. అప్పుడు నాకు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు గుర్తొస్తారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రతినిధులు మొదటిసారి సభ చేసి, సంఘం పెట్టుకున్నారు. ఆ సభకి అధ్యక్షుడు చిలకమర్తి. చిన్నతనం నుంచీ చూపు సరిగా లేక, ఇతరులు చదివి వినిపిస్తే నేర్చుకున్న మనిషి. 'గణపతి' రాసింది ఆయనే. చెవితో చదువుకున్నవాణ్ని తెచ్చి గ్రంథాలయ సభలో అగ్రాసనం మీద కూర్చోబెట్టినవాళ్లకి, చదువంటే ఒక్కడు మూలన కూర్చుని చేసే పని మాత్రమే కాదని తెలిసే ఉంటుంది. మా పఠన మందిరంలో డీఎస్సీకీ, గ్రూప్స్‌కీ చదివే పిల్లలు పొద్దస్తమానం తెలుగు అకాడమీ పుస్తకాలు ముందేసుకుని ఉంటారు. వాళ్లలో ఒకమ్మాయి సంపాదకీయం ఎలాగూ చదవాలి కదా అని, వరండాలోకి వెళ్లి ఇద్దరు తాతగార్లకి వినపడేలా చదువుతోంది. మధ్యలో వాళ్లు వేసే ప్రశ్నలు ఇంటర్వ్యూ బోర్డువాళ్లు కూడా వేయరేమో!

ఆ 1914 సంఘం వెనకున్న అయ్యంకి వెంకటరమణయ్య, ఆ తర్వాత వచ్చిన పాతూరి నాగభూషణం లాంటివాళ్లు పుస్తకాన్ని మనిషి దగ్గరికి తీసుకెళ్లడమే పనిగా పెట్టుకున్నారు. పాతూరి వారు 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. డెల్టాలో కాలువే రోడ్డయిన రోజుల్లో అంతకన్నా తెలివైన పని లేదు. ఇవాళ మన డెల్టాలో పడవలు పోయాయి, జాతీయ రహదారి వచ్చింది. పుస్తకం మన గడపకి రావడం తగ్గింది కాబట్టి మనమే వెళ్లి అడగాలి.

అడగడం దగ్గరే మనకి మొహమాటం. రేషను కొట్లో తూకం తగ్గితే అడుగుతాం, బస్సు ఆపకపోతే అడుగుతాం. గ్రంథాలయంలో మాత్రం ఉన్నదాంతో సరిపెట్టుకుంటాం, లేదా "అక్కడేం ఉంటాయిలెండి" అనేసి లోపలికే రాము. అరటికి సిగటోకా ఆకుమచ్చ తెగులు వచ్చినప్పుడు ఏం చేయాలో తెలుగులో రాసినది కావాలని ఒక రైతు అడిగాడు. కొవ్వూరులో అరటి మీదా, అంబాజీపేటలో కొబ్బరి మీదా పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానాలు ఉండనే ఉన్నాయి. తెలిసినవాళ్ల ద్వారా కరపత్రాలు తెప్పించి పేపర్ల బల్ల మీద పెట్టాం. మర్నాటి నుంచి వాటికోసమే వచ్చేవాళ్లు తయారయ్యారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు పోతూ పోతూ పిల్లలకి కథల పుస్తకాలు పట్టుకెళ్లారు. ఆ ఒక్క రైతు నోరు విప్పకపోతే ఆ బల్ల మీద ఎప్పటిలా పేపర్లే ఉండేవి.

కాబట్టి ఈ వారం నా సిఫారసు పుస్తకం కాదు, ఒక పని. మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లి, అక్కడ లేని పుస్తకం పేరొకటి, రచయిత పేరుతో సహా కాగితం మీద రాసి లైబ్రేరియన్ గారి చేతికివ్వండి. మీ పేరూ కింద రాయండి. మరో నలుగురి చేత రాయించండి. పుస్తకాలు కొనే వేళ ఆయన పైవాళ్లకి చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. మొహమాటం వస్తే ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూసుకోండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కింద మనందరి దగ్గరా వసూలు చేస్తున్నారు. అరటి కమీషన్‌లో పైసా తేడా వస్తే కొట్టుముందు కూర్చునే ఊరు మాది. ఈ ఎనిమిది పైసల లెక్క మాత్రం అడగకుండా ఎందుకు వదిలేయాలి?