ఆమె ఆట చూపించరేం?

టెన్నిస్‌లో ‘లవ్’ అంటే సున్నా. మరి ప్రేమలో పడ్డ ఆటగాళ్ళకి మిగిలేదీ సున్నాయేనా? ఈ అనుమానం మీదే అల్లిన సినిమా 2004లో వచ్చిన ‘వింబుల్డన్’. దర్శకుడు రిచర్డ్ లాంక్రైన్. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పొయ్యిమీద పప్పు మాడుతున్నా లేవబుద్ధి కానంత హాయిగా ఉంటుంది!

పీటర్ ఒకప్పుడు ప్రపంచంలో 11వ ఆటగాడు, ఇప్పుడు 119వ వాడు. ఇదే ఆఖరి పోటీ, ఆపైన ఏదో క్లబ్బులో పెద్దింటి ఆడవాళ్ళకి ఆట నేర్పుకుంటూ బతికేద్దామనుకుంటాడు. హోటల్లో పొరపాటున వేరే గది తాళం ఇస్తారు. ఆ గదిలో ఉన్నది లిజీ, దూసుకొస్తున్న అమెరికన్ క్రీడాకారిణి. ఇంకేముంది! అక్కణ్ణించి అతనికి గెలుపులే గెలుపులు. కోర్టులో నిలబడి తనలో తను గొణుక్కునే పీటర్‌గా పాల్ బెట్టనీ ముచ్చటగా చేశాడు. అన్న ఓడిపోతాడని సొంత తమ్ముడే పందెం కాస్తుంటే నవ్వాగదు.

నా పేచీ అంతా లిజీ గురించి. సెమీఫైనల్లో ఆమె ఓడిపోతుంది. ఆమెకి ఆట నేర్పిన తండ్రి ముందునుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు, ఈ ప్రేమ నీ ఆటని చెడగొడుతుందని. సినిమా చివరికి ఆయన మాటే నిజం చేసింది. ఒకే ప్రేమ అతనికి బలమయింది, ఆమెకి పరధ్యాన్నమయింది! పైగా ఫైనల్లో వానకి ఆట ఆగితే, ప్రత్యర్థి సర్వీసు గుట్టు పీటర్‌కి చెప్పేదీ ఆమే. ఆ తెలివి అతని కప్పుకి పనికొచ్చిందన్నమాట.

మరి ఆమె గెలవలేదా అంటే, గెలిచిందట! తర్వాత యు.ఎస్. ఓపెన్, రెండుసార్లు వింబుల్డన్ గెలిచిందని చివర్లో పీటర్ గొంతు చెబుతుంది. అతని ఫైనల్‌ని ఊపిరి బిగబట్టించి చూపించినవాళ్ళు, ఆమె విజయాలన్నిటినీ ఒక్క వాక్యంలో, అదీ మొగుడి నోట చెప్పించి, పిల్లల్ని చూపించి శుభం పలికేశారు. నవలలు రాసేదాన్ని కనక నాకు తెలుసు. దేన్ని సన్నివేశం చేశాం, దేన్ని ఒక ముక్కలో దాటేశాం అన్నదాంట్లోనే మన మనసు పట్టుబడిపోతుంది.

మనవాళ్ళేం తక్కువ తిన్నారు? 2019లో వచ్చిన ‘జెర్సీ’, ‘మజిలీ’ రెండిట్లోనూ క్రికెట్ ఆడేది భర్త, జీతం తెచ్చి ఇల్లు నడిపేది భార్య. లిజీ చేతిలో కనీసం రాకెట్టయినా ఉంది!

తమాషా ఏమిటంటే, ఈ సినిమా వాళ్ళు 2003లో వింబుల్డన్ పోటీల సమయంలో అక్కడే కెమెరాలు పెట్టి షూటింగు చేసుకున్నారు. ఆ ఏడే, ఆ మైదానంలోనే, మన హైదరాబాదు పిల్ల సానియా మీర్జా పదహారేళ్ళకి బాలికల డబుల్స్ గెలిచింది. ఆమెకీ కోచ్ తండ్రే. 2015లో మార్టినా హింగిస్‌తో కలిసి పెద్దవాళ్ళ డబుల్స్ కూడా గెలిచింది, ప్రపంచ డబుల్స్‌లో మొదటి స్థానానికీ ఎక్కింది. మరుసటి ఏడు ఆమె ఆత్మకథ వచ్చినప్పుడు ఒక టీవీ విలేకరి ఏమడిగాడో తెలుసా? జీవితంలో ఎప్పుడు స్థిరపడతారని! మా వరంగల్ పెళ్ళిపందిళ్ళలో పెద్దమ్మలు అడిగే ప్రశ్నే. ఇంత సాధించినా నేను స్థిరపడినట్టు కాదా అని ఆవిడ నిలదీస్తే, పాపం, అక్కడికక్కడే క్షమాపణ చెప్పుకున్నాడు.

‘జెర్సీ’లో అర్జున్ ముప్పయ్యారేళ్ళకి మళ్ళీ బ్యాటు పడితే మనమంతా కొంగుతో కళ్ళొత్తుకున్నాం. 2023 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్‌కి బోపన్నతో కలిసి దిగేనాటికి సానియాకీ ముప్పయ్యారే. నాలుగేళ్ళ కొడుకు స్టాండులో కూర్చుని అమ్మ ఆట చూశాడు. ఆ మ్యాచ్ ఓడిపోయింది. పోతే పోనీండి, ప్రతి పాయింటూ చూపిస్తూ ఆ సినిమా ఎవరైనా తీస్తే, హనుమకొండలో మొదటి ఆటకి మొదటి టిక్కెట్టు నాదే.