తెల్లజిగురులో అణువుల సడలింపు: ఒక గ్రంథ విమర్శ

బనగానపల్లెలో గాని మరెక్కడైనా గాని వడ్రంగులు వాడే తెల్లజిగురులో సాధారణంగా ప్రధాన పదార్థం పాలీవినైల్ ఎసిటేట్. ఇది స్ఫటికరూపం లేని పాలిమర్. 30, 40 సెంటీగ్రేడు డిగ్రీల నడుమ ఇది గాజుస్థితిని విడిచి మెత్తబడుతుంది. పుష్యమాసపు తెల్లవారుజామున పెళుసుగా ఉన్న పొర, 40 డిగ్రీలు దాటే వైశాఖపు మధ్యాహ్నం అట్లే ఉండదు. స్థానం తప్పించిన అణుభాగాలు తిరిగి సమస్థితికి వచ్చుటయే సడలింపు. అందుకు పట్టే కాలాన్ని విద్యుత్తుతో కొలవవచ్చును. మెక్రమ్, రీడ్, విలియమ్స్ 1967లో ప్రకటించిన 'ఎనిలాస్టిక్ అండ్ డైఎలక్ట్రిక్ ఎఫెక్ట్స్ ఇన్ పాలిమరిక్ సాలిడ్స్' ఈ విషయమై ప్రసిద్ధ గ్రంథం.

పలుచని పొరను రెండు లోహపు రేకుల నడుమ ఉంచి ఏకాంతర విద్యుత్తు పంపుతారు. క్షేత్రం నిదానంగా మారితే ధ్రువసమూహాలు దాని వెంట తిరుగుతవి. మరీ త్వరగా మారితే తిరుగలేవు. నడుమ ఒక పౌనఃపున్యం వద్ద వెనుకబడుతూ తిరుగుతవి. అక్కడ శక్తినష్టం శిఖరానికి చేరుతుంది. ఆ శిఖరం సెకనుకు 1000 ఆవృత్తుల వద్ద ఉన్నచో సడలింపు కాలం సుమారు 0.00016 సెకను. (ఉష్ణోగ్రత, పౌనఃపున్యం చెప్పక, ఒక్కొక్క పదార్థానికి ఒకే రోధకస్థిరాంకం ఇచ్చే పాఠ్యపుస్తకాల పట్టికలు ఎంత అసంపూర్ణమైనవో ఇక్కడ తెలుస్తుంది.)

ఈ గ్రంథపు గొప్పతనం విద్యుత్ కొలతలను, యాంత్రిక కొలతలను పక్కపక్కన ఉంచుటలో ఉన్నది. విద్యుత్తుకు ధ్రువసమూహాల కదలికే తెలుస్తుంది; పాలిథీన్ దానికి దాదాపు చిక్కదు. మెలిపెట్టి చూచినచో అదీ దాగదు. తొలి ప్రకరణాలలోని గణితం ఉన్నత పాఠశాల స్థాయికి మించినదే, అయినను ఉపాధ్యాయులు ఓపికతో చదువదగినది.

చిక్కు శిఖరపు వెడల్పు దగ్గర వస్తుంది. డిబై సిద్ధాంతం ప్రకారం సడలింపు కాలం ఒక్కటే అయితే, శిఖరపు సగం ఎత్తున పౌనఃపున్యం సుమారు 14 రెట్లు మాత్రమే మారవలె. పాలిమర్లలో శిఖరం అంతకంటె చాలా వెడల్పు. ఆనాటి వాడుకను అనుసరించి గ్రంథం దీనిని అనేక సడలింపు కాలాల పంపకంగా వర్ణిస్తుంది. కాని లెక్క కుదిరినంత మాత్రాన అణువులలో అన్ని తెగలున్నవని రుజువు కాదు. పొరుగు భాగాలు తావివ్వక అన్నీ ఒకే తీరున మందగించినా అదే వెడల్పు రాగలదు. విలియమ్సే 1970లో వాట్స్‌తో కలిసి మరొక సూత్రం ప్రతిపాదించాడు. దాని రూపాన్ని 1854లోనే కోల్‌రౌష్ లైడెన్ జాడీలో విద్యుదావేశపు తరుగుదలకు వాడి ఉన్నాడు. 1967 నాటి గ్రంథంలో ఇది లేకుండుట దోషం కాదు. ఆ గ్రంథాన్నే కడపటి మాటగా బోధించుట దోషం.

విద్యుత్ వక్రరేఖ ఒక్కటే ఈ తగవు తీర్చలేకపోయింది. 1991లో ష్మిట్‌రోర్, స్పీస్ కేంద్రక అయస్కాంత అనునాదంతో పరీక్షించినది ఈ పాలీవినైల్ ఎసిటేట్‌నే. వేగంగా తిరిగే భాగాలు, మందంగా తిరిగే భాగాలు నిజంగానే వేరువేరుగా ఉన్నవని తేలింది. అయితే ఆ భేదం శాశ్వతం కాదు: నేటి మందభాగమే కొంత తడవుకు వేగభాగమవుతుంది.