375 గ్రాముల పనితనం

కెమెరాతో పాటు వచ్చిన 18–55 లెన్స్‌తో కొన్నాళ్లు ఫొటోలు తీశాక ఎవరికైనా పుట్టే కోరిక ఒకటే: దూరాన ఉన్నది దగ్గరికి రావాలి. చెరువు నడుమ చెట్టు మీది కొంగ, రథం మీది ఉత్సవ విగ్రహం, మైదానం అవతలి కొసన బ్యాట్ ఊపుతున్న కుర్రాడు. దుకాణానికి వెళ్తే 55–250, 70–300, 75–300 అనే అంకెలు వరసగా కనబడతాయి. ఎక్కువ అంకె ఉన్నదే మంచిదనిపిస్తుంది. లెన్స్ ఎంత దూరం లాగుతుందో ఆ అంకె చెబుతుంది గానీ, అంత దూరాన్ని నిలకడగా, స్పష్టంగా లాగడానికి లోపల ఏ ఏర్పాటు చేశారో చెప్పదు. లెన్స్ ఎంచుకోవడానికి కావలసింది ఆ లోపలి సంగతే.

అందుకు ఒక్క లెన్స్‌ను నిదానంగా చూద్దాం. కెనన్ 2013లో తెచ్చిన ఈఎఫ్-ఎస్ 55–250 మి.మీ. ఎఫ్/4–5.6 ఐఎస్ ఎస్‌టీఎం. ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న డీఎస్ఎల్ఆర్‌ల కోసం చేసింది. బరువు 375 గ్రాములు, ముడిచినప్పుడు పొడవు 11 సెంటీమీటర్ల చిల్లర. నిపుణుల కోసం చేసే ఖరీదైన వరసలోది కాదిది, కొత్తగా నేర్చుకునేవాళ్ల సంచిలోది. పనితనం గమనించడానికి ఇలాంటి వస్తువే సరైనది. ఖర్చుకూ బరువుకూ హద్దు గీసి ఇచ్చినప్పుడు, ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న ప్రతి నిర్ణయమూ వస్తువులో కనిపిస్తుంది.

ముందుగా పొడవు సంగతి. ఒకే కుంభాకార కటకంతో 250 మి.మీ. ఫోకల్ లెంగ్త్ సాధించాలంటే, దూరపు వస్తువు బింబం కటకానికి పావు మీటరు వెనక పడుతుంది. అంటే కటకానికీ సెన్సర్‌కూ మధ్య పావు మీటరు గొట్టం కావాలి. ఆ పొడవు తగ్గించడానికి 1891లో ఇంగ్లండ్‌లో థామస్ రుడాల్ఫస్ డాల్‌మేయర్ ఒక ఉపాయానికి పేటెంట్ తీసుకున్నాడు. దాదాపు అదే సమయంలో జర్మనీలో అడాల్ఫ్ మీథే కూడా అదే ఉపాయానికి చేరుకున్నాడు. ముందు భాగంలో కిరణాలను గట్టిగా లోపలికి వంచే కుంభాకార సమూహం ఉంటుంది. ఆ కిరణాలు ఒక చోట కలిసేలోగా వెనకనున్న పుటాకార సమూహం వాటిని అందుకుని వంపును కాస్త సడలిస్తుంది. అవి మరింత సన్నని కోణంలో సెన్సర్‌ను చేరతాయి. ఆ సన్నని కోణాన్ని ఎదురు దిశలో గీస్తూ పోతే, కిరణాలు ముందు గాజుకంటే ఇంకా ముందు, గాలిలో ఎక్కడో ఉన్న ఒక కటకం నుంచి వస్తున్నట్టు తేలుతుంది. ఫోకల్ లెంగ్త్‌ను కొలిచేది ఆ చోటి నుంచే. గాజు లేని చోట కటకం ఉన్నట్టు కాంతిని నమ్మించడమే టెలిఫోటో. అందుకే ఈ లెన్స్ పూర్తిగా బయటికి సాగినా, ముందు గాజు నుంచి సెన్సర్ దాకా పావు మీటరు రాదు.

ఇక జూమ్. 55 నుంచి 250కి వెళ్లాలంటే లోపలి గాజు సమూహాలు జరగాలి, అదీ ఒక్కొక్కటి ఒక్కో కొలతలో. ఒకటి కొంత దూరం పోయేసరికి ఇంకొకటి అందులో సగమే పోవచ్చు, మరొకటి ముందుకు వెళ్లి ఆగవచ్చు. ఇన్ని రకాల నడకలను ఒకే చేతి తిప్పుడు నుంచి రాబట్టే పని ఒకదానిలో ఒకటి ఇమిడిన గొట్టాలది. కదలని గొట్టానికి తిన్నని గాడులు ఉంటాయి. దాన్ని చుట్టి తిరిగే గొట్టానికి వంకర గాడులు ఉంటాయి, ఒక్కో సమూహానికి ఒక్కో వంపు. గాజును పట్టుకున్న చట్రానికి పక్కల చిన్న పిన్నులు ఉంటాయి. ఆ పిన్ను తిన్నని గాడిలోంచి, వంకర గాడిలోంచి ఒకేసారి దూరి ఉంటుంది. రింగ్ తిప్పితే వంకర గాడి పిన్నును నెడుతుంది. తిన్నని గాడి దాన్ని పక్కకు తిరగనివ్వదు. ఇక పిన్నుకు మిగిలిన దారి ముందుకో వెనక్కో జరగడమే. ఏ వంపు ఎక్కడ ఎంత ఉండాలన్నది ముందే లెక్కగట్టి గొట్టంలో మలిచారు. జూమ్ లెన్స్ లెక్కంతా ఆ గాడి ఆకారంలోనే ఉంది. రింగ్ తిప్పినప్పుడు మొదటి నుంచి చివరి దాకా చేతికి ఒకే బిగువు తగిలితే ఆ గాడి, పిన్ను సరిగ్గా కుదిరాయని అర్థం. ఎక్కడైనా జారినట్టో పట్టేసినట్టో అనిపిస్తే అనుమానించాలి.

ఆ గొట్టాలు మోసే గాజు ఇప్పుడు. ఇందులో 12 సమూహాలుగా 15 కటకాలు ఉన్నాయి. 15 ఎందుకంటే, గాజు అన్ని రంగులనూ ఒకేలా వంచదు. నీలాన్ని ఎక్కువగా, ఎరుపును తక్కువగా వంచుతుంది. 55 దగ్గర కనిపించని ఈ తేడా 250 దగ్గర తెల్ల కొంగ రెక్క అంచున ఊదా గీతలా బయటపడుతుంది. దాన్ని అణచడానికి రకరకాల గాజులను జత చేస్తారు, కొన్నింటిని ఒకదానికొకటి అతికిస్తారు. అప్పటికీ మిగిలే తేడా కోసం, రంగులను తక్కువగా విడదీసే ప్రత్యేక గాజు కటకం ఒకటి పెట్టారు. కెనన్ దాన్ని యూడీ అంటుంది, నికాన్ ఈడీ అంటుంది.

కటకాలు పెరిగితే ఇంకో చిక్కు. పూత లేని గాజు మీద కాంతి పడితే ప్రతి ఉపరితలం దగ్గరా సుమారు 4 శాతం వెనక్కి పోతుంది. 12 సమూహాలంటే గాలిని తాకే ఉపరితలాలు 24. ప్రతి చోటా 4 శాతం పోతూ ఉంటే చివరికి సెన్సర్‌ను చేరేది 38 శాతం లోపే. పోయిన కాంతి ఊరికే పోదు, లోపలే అటూ ఇటూ తిరిగి చివరికి బొమ్మ మీద తెల్లటి పొరలా పరుచుకుంటుంది. 1935లో జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మాకులా పేటెంట్ పొందిన పలచని పూత ఈ చిక్కును విప్పింది. పూత పై ముఖం నుంచి, అడుగు నుంచి తిరిగివచ్చే కాంతి తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా దాని మందాన్ని కుదురుస్తారు. ఉపరితలానికి నష్టం అర శాతానికి దిగితే అదే 24 ఉపరితలాల గుండా 88 శాతం పైగా కాంతి గట్టెక్కుతుంది. ఇన్ని కటకాల జూమ్ లెన్స్ పనికొచ్చే వస్తువు కావడానికి కారణం ఆ పూతే. దీపం కింద లెన్స్‌ను వంచి చూస్తే గాజులో ఆకుపచ్చగా, ఊదాగా మెరిసేది అదే.

ఎఫ్/4–5.6 అన్న గుర్తు బరువు లెక్క చెబుతుంది. ఫోకల్ లెంగ్త్‌ను ఆ అంకెతో భాగిస్తే కాంతి దూరే వాకిలి వెడల్పు వస్తుంది. 250ని 5.6తో భాగిస్తే సుమారు 45 మి.మీ. దానికి సరిపడా ముందు గాజు, దాని ముందు 58 మి.మీ. ఫిల్టర్ మర. ఇప్పుడు పెద్ద పోటీల్లో బౌండరీ పక్కన కనిపించే డీఎస్ఎల్ఆర్ 300 మి.మీ. ఎఫ్/2.8 లెన్స్ తీసుకోండి. 300ని 2.8తో భాగిస్తే 107 మి.మీ. అంత వెడల్పు గాజు, దాన్ని మోసే లోహం కలిసి బరువు రెండు కిలోలు దాటుతుంది. అందుకు దక్కే ఫలితం 5.6తో పోలిస్తే నాలుగు రెట్లు కాంతి. మరి వాకిలిని ఇంకా చిన్నది చేసి, లెన్స్‌ను ఇంకా తేలిక చేయవచ్చు కదా? డీఎస్ఎల్ఆర్‌లలో చాలావాటి ఆటోఫోకస్ బిందువులు ఎఫ్/5.6 దాకా వచ్చే కాంతి కోసం చేసినవి. అంతకంటే ఇరుకైతే అవి తడబడతాయి. కెమెరా తట్టుకునే హద్దు దాకా దిగి, సరిగ్గా అక్కడ ఆగారు.

దూరం పెరిగితే వణుకూ పెరుగుతుంది. పొడవాటి గెడను మొదలు దగ్గర పట్టుకుని నిలబెడితే, చేతి దగ్గర తెలియని కదలిక కొసన బారెడు అవుతుంది. 250 దగ్గర సెన్సర్‌కు కనబడే దృశ్యం అడ్డంగా 5 డిగ్రీలే. చేత్తో పట్టి తీయడానికి ఫోకల్ లెంగ్త్ అంకె ఎంతో సెకనులో అన్నో వంతు షట్టర్ స్పీడ్ కావాలన్నది పాత లెక్క. కెనన్ ఏపీఎస్-సీ సెన్సర్ కోసం 250ని 1.6తో హెచ్చిస్తే అది 400వ వంతు. మేఘం కమ్మితే అది దొరకదు. 1995లో కెనన్ తెచ్చిన 75–300 ఐఎస్ యూఎస్ఎం, ఎస్ఎల్ఆర్ కెమెరాలకు మార్చుకునే లెన్సుల్లో మొదటిసారి దీనికి యంత్రంతో సమాధానం ఇచ్చింది. లోపల రెండు గైరో సెన్సర్లు ఉంటాయి. ఒకటి కెమెరా కిందికీ పైకీ ఊగడాన్ని, రెండోది పక్కలకు ఊగడాన్ని పసిగడుతుంది. కాయిళ్లు, అయస్కాంతాలు కలిసి ఒక కటక సమూహాన్ని ఆ ఊగుడుకు సరిపడా పక్కకు జరుపుతాయి. చెయ్యి కదిలినా బింబం సెన్సర్ మీద కదలకుండా ఉంటుంది. మన లెన్స్ పేరులోని ఐఎస్ ఈ స్థిరీకరణే, ఇది మూడున్నర స్టాపుల సాయం అని కంపెనీ లెక్క. అంటే 400వ వంతు అవసరమైన చోట దాదాపు 35వ వంతుతో గట్టెక్కవచ్చు. అయితే ఇది ఆపేది మన చేతి వణుకునే, పిట్ట రెక్కను ఆపదు. రెక్కను ఆపాలంటే షట్టర్ స్పీడే గతి.

ఫోకస్ దగ్గర ఒక తెలివైన మార్పు చూడవచ్చు. ఇదే 55–250లో అంతకుముందు వచ్చిన ఐఎస్ 2 రకంలో ఫోకస్ చేసేటప్పుడు ముందు గాజు గిరగిర తిరిగేది. నీటి మీది మెరుపు తగ్గించడానికి పోలరైజర్ ఫిల్టర్ బిగించి దాని కోణం కుదిరిస్తే, ఫోకస్ మారగానే కోణం కూడా తప్పేది. ఎస్‌టీఎంలో ఫోకస్ పనిని లోపలి చిన్న, తేలికైన సమూహానికి అప్పగించారు. అడుగులు లెక్కపెట్టి జరిగే స్టెప్పర్ మోటారు దాన్ని నడుపుతుంది. ముందు గాజు తిరగదు. మోసే బరువు తగ్గింది కాబట్టి వేగం పెరిగింది, చప్పుడు తగ్గింది. దగ్గరి ఫోకస్ దూరం కూడా 1.1 మీటర్ల నుంచి 0.85 మీటరుకు వచ్చింది. తూనీగను మూరెడు దూరం పోనక్కర్లేకుండా నిండుగా తీయడానికి అది చాలు.

ఇన్ని సమకూర్చి ఏం వదిలారు? కెమెరాకు బిగించే మౌంట్ లోహం కాదు, ప్లాస్టిక్. దూరం చూపే స్కేల్ లేదు. వానకు, దుమ్ముకు అడ్డుకట్ట లేదు. చేతి ఫోకస్ రింగ్ గాజును నేరుగా కదపదు, మోటారుకు ఆదేశం ఇస్తుంది, కెమెరా ఆపితే అది పనిచేయదు. పక్కనుంచి వచ్చే వెలుగును ఆపే హుడ్ విడిగా కొనుక్కోవాలి. 375 గ్రాములను మోయడానికి ప్లాస్టిక్ మౌంట్ చాలు. గాజులో, స్థిరీకరణలో, మోటారులో మాత్రం చెయ్యి బిగించలేదు. బొమ్మను చెడగొట్టే చోట కాకుండా వాడుకలో సర్దుకోగల చోట పొదుపు చేశారు. మొదటి టెలిఫోటో ఏదైనా చూడాల్సింది ఇదే: పొదుపు ఎక్కడ చేశారు?

ఈ కొలతతో మిగతావి చూడండి. కెనన్ ఈఎఫ్ 75–300 ఎఫ్/4–5.6 3వ రకానికి 50 మి.మీ. ఎక్కువే, కానీ స్థిరీకరణ లేదు, ముందు గాజు తిరుగుతుంది, ఒకటిన్నర మీటరు లోపల ఫోకస్ కాదు. ఇక్కడ పొదుపు బొమ్మ మీదే పడింది. నికాన్ ఏఎఫ్-పీ డీఎక్స్ 70–300 లెన్స్ రెండు రకాలుగా వచ్చింది. పైకి ఒకేలా ఉంటాయి, వీఆర్ అన్న రెండక్షరాలు ఉన్నదానిలోనే స్థిరీకరణ ఉంటుంది. 15 గ్రాముల తేడాకు ఆ అక్షరాలు వదులుకోకండి. మీ కెమెరా బాడీకి ఈ ఏఎఫ్-పీ మోటారు నడుస్తుందో లేదో కూడా ముందే కనుక్కోండి, పాత నికాన్‌లు కొన్నింటికి నడవదు. మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఫోకస్‌ను సెన్సరే చూసుకుంటుంది గనుక 5.6 హద్దు సడలింది. కెనన్ ఆర్‌ఎఫ్-ఎస్ 55–210 ఎఫ్/7.1 దాకా వెళ్లి 270 గ్రాములకు దిగింది. అయితే సాయంత్రం వెలుగులో ఆ తేడాను మీరే భరించాలి.

దూరం ఎంత చాలు అన్నదానికీ లెక్క ఉంది. సెన్సర్ వెడల్పును ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, దూరంతో హెచ్చించండి. 250 మి.మీ. దగ్గర 20 మీటర్ల అవతల ఫ్రేములో పట్టేది 1.8 మీటర్ల వెడల్పు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూళ్లు కట్టే పెయింటెడ్ స్టార్క్ కొంగలకు, గూడబాతులకు ఇది చక్కగా సరిపోతుంది. చిన్న లకుముకి పిట్ట పొడవు 16 సెంటీమీటర్లే. 10 మీటర్ల నుంచి తీస్తే అది ఫ్రేములో ఐదో వంతు కూడా నిండదు. 300కి మారినా దగ్గరదగ్గర ఐదో వంతే. అదే 250తో పది అడుగులు ముందుకు నడిస్తే నాలుగో వంతు నిండుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం నేల మీది వేడి గాలి అలలాడేటప్పుడు కూడా మందు ఇదే. ఆ మసకను ఏ గాజూ తీయలేదు, దూరం తగ్గించుకోవాల్సిందే. ఫంక్షన్ హాల్లో పెళ్లి తీయడమే ముఖ్యమైతే మాత్రం ఈ వరస మొత్తాన్నీ వదిలి 85 మి.మీ. ఎఫ్/1.8 చూడండి. దూరం తక్కువ లాగినా ఎఫ్/5.6తో పోలిస్తే దాదాపు పది రెట్లు కాంతి తెస్తుంది.

పాతది కొంటే, వెనక మూత తీసి, లోపలికి మొబైల్ టార్చి వెలుగు వేసి ముందు నుంచి పక్కవాటుగా చూడండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, పూతను తినేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల తేమలో వాడిన లెన్స్ అయితే ఈ పరీక్ష తప్పనిసరి. తర్వాత కెమెరాకు బిగించి 250 దగ్గర షట్టర్ బటన్ సగం నొక్కండి. చిన్న చప్పుడుతో స్థిరీకరణ మేలుకుని, వ్యూఫైండర్‌లో ఊగుతున్న దృశ్యం కుదురుకోవాలి. అంగడి అవతలి బోర్డు మీది అక్షరాలను 55 దగ్గర, 135 దగ్గర, 250 దగ్గర తీసి, తెర మీద పెద్దవి చేసి నాలుగు మూలలూ పోల్చండి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే లోపలి సమూహం ఒకటి పక్కకు ఒరిగిందన్నమాట, ఆ లెన్స్ వద్దు.

కొన్న తర్వాత ఒక ఏడాది వాడాక ఫొటోల వివరాలు తెరిచి చూడండి. ప్రతి బొమ్మలోనూ ఫోకల్ లెంగ్త్, అపెర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ నమోదై ఉంటాయి. ఎక్కువ బొమ్మలు 250 దగ్గరే ఆగి ఉంటే మీకు కావలసింది ఇంకా పొడవు. వెలుగు చాలక ఐఎస్ఓ ఎప్పుడూ పైకి పోతూ ఉంటే కావలసింది వెడల్పు వాకిలి. ఫోకల్ లెంగ్త్ చాలావరకు 100 లోపే ఉంటే టెలిఫోటో మీద ఇంకా డబ్బు పెట్టక్కర్లేదు. రెండు కిలోల లెన్స్ కొనే ముందు ఈ సంగతి తేల్చిపెట్టడం కూడా 375 గ్రాముల లెన్స్ చేసే పనే.